సాంక్లోద్‌లో నాన్నగారి పైపు

జెనీవాలో మా మేనల్లుడి ఇంట్లో దిగిన మూడోనాడు నా పెట్టెలోంచి నాన్నగారి పొగాకు పైపు బయటపడింది. నేను పొగ తాగేవాణ్ణి కాను. రాత్రిళ్ళు నాన్నగారి దగ్గు విన్న చెవులతో మా ఇంట్లో ఎవరం తాగగలం? అయినా దాన్ని చేతిరుమాల్లో చుట్టి దేశాలు తిప్పుతున్నానంటే ఒక కారణం ఉంది. దాని కాడ బిగిసిపోయింది. 1981లో ఆయన పోయిన తర్వాత అది ఎవరివల్లా ఊడలేదు.

పైపు సంగతి తెలియనివారికి రెండు మాటలు చెప్పాలి. పొగాకు కూరే గిన్నె, దాన్ని అంటి ఉన్న మెడ, ఇదంతా ఒకే చెక్క. నోట పెట్టుకునే నల్లని కాడ వేరే ముక్క. కాడ చివర చిటికెనవేలికంటె సన్నని మొన ఉంటుంది. అది మెడలోని బెజ్జంలోకి దిగుతుంది. మరలేదు, జిగురు లేదు, కేవలం పట్టుమీద నిలుస్తుంది. వదులైతే జారిపడుతుంది. బిగువైతే రాదు. తాగిన తర్వాత చల్లారనిచ్చి, కాడ తీసి, లోపలి తడీ జిడ్డూ తుడవాలి గనుక, కాడ రాని పైపు మూత రాని చెంబులాంటిదే.

హైదరాబాదులో ఒక దుకాణదారుకు చూపిస్తే చటుక్కున పట్టకారు తీశాడు. నేను అంత చటుక్కునా పైపు లాక్కుని వచ్చేశాను. ఇంకో ఊళ్ళో ఇంకొకాయన, కాడ కోసేసి కొత్తది తొడుగుతానన్నాడు. ఆ మాట నాకు నచ్చలేదు. కాడమీద నాన్నగారి పళ్ళగాట్లున్నాయి. పైన రెండు, కింద ఒకటి. ఫోటోలలో ఆయన ఎప్పుడూ బిర్రబిగుసుకునే నుంచునేవారు. ఆ మూడు గాట్లలో కనిపించినంతగా ఏ ఫోటోలోనూ నాకు కనిపించరు.

ఈ పైపు మా ఇంటికి రావడానికి కారణం గుంటూరు పొగాకే. మా జిల్లాలో వర్జీనియా పొగాకు 1920లలో వేళ్ళూనింది. ఆకు బ్యారన్లలో వేడికి పసుపు తిరిగి, గ్రేడు కట్టించుకుని, బేళ్ళకెక్కి, ఓడలమీద ఇంగ్లండు పోయేది. నాన్నగారు కొనుగోలు గుమాస్తా. ఆయన పైన ఉండే దొర 1948లో స్వదేశం వెళ్ళిపోతూ ఈ పైపు చేతిలో పెట్టాడట. మా నాయనమ్మ మాత్రం, "నిక్షేపంలాంటి చుట్ట ఉండగా ఈ కట్టెముక్క ఎందుకురా?" అనేది.

దొర ఇచ్చాడు గనుక ఇంగ్లీషు పైపే అని ఇంటిల్లిపాదీ అనుకున్నాం. మా మేనల్లుడు భూతద్దం పెట్టి, మెడమీది అరిగిన అక్షరాలు కూడబలుక్కున్నాడు.

"మామయ్యా, ఇది ఇంగ్లండుది కాదు. సాంక్లోద్ అని ఉంది. కొండ దాటితే ఆ ఊరే. కారులో గంటన్నర."

మర్నాడే బయలుదేరాం.

జెనీవా దాటి జెక్స్ అనే ఊరు చేరగానే దారి జ్యూరా కొండలెక్కుతుంది. 1,300 మీటర్లకు పైనున్న ఫోసీయ్ కనుమ దగ్గర దిగి వెనక్కి చూస్తే, కింద సరస్సు, దాని అవతల ఆల్ప్స్ పర్వతాలు, వాటి మధ్య మోఁబ్లాఁ శిఖరం వెండిగిన్నె బోర్లించినట్టు ఉన్నాయి. అక్కడినుంచి దిగుడు. సెమోఁసెల్ దాటాక రోడ్డు పక్కన ఒక రాతిగుట్ట కనిపించింది. దానిలో రాతిపొరలు చాపచుట్టలా వంగి ఉన్నాయి. దాన్ని పోలీసువాడి టోపీ అంటారట అక్కడివాళ్ళు. నాకు మాత్రం పూతరేకుల మడతలే గుర్తొచ్చాయి. భోజనానికి ముందు ప్రయాణం చేస్తే ఇలాగే ఉంటుంది.

సాంక్లోద్ పెద్ద ఊరేమీ కాదు. బియెన్, తాకోఁ అనే రెండు ఏరులు కలిసే ఇరుకు లోయలో, మెట్లమీద మెట్టుగా ఇళ్ళు. పొలానికి చోటే లేదు. అలాంటిచోట మనుషులు ఏం తిని బతికారు? మొదట దేవుణ్ణి, తర్వాత పొగాకును నమ్ముకుని బతికారు. ఐదో శతాబ్దంలో ఇక్కడ సన్యాసుల మఠం వెలసింది. తరువాత క్లోద్ అనే సాధువు పేరు ఊరికి వచ్చింది. ఆయన భౌతికకాయం చెడకుండా నిలిచిందని విని యాత్రికులు తండోపతండాలుగా వచ్చేవారు. బిడ్డ కోసం ఆయనకు మొక్కుకున్న ఫ్రాన్సు రాణి ఆన్, 1499లో పుట్టిన కూతురికి ఆ పేరే పెట్టుకుంది. ఆ క్లోద్ పేరుమీద ఈనాటికీ అక్కడ ఒక ఆకుపచ్చ ప్లమ్ జాతి పండు అమ్ముతారు. విప్లవకాలంలో, 1794లో, సాధువు కాయాన్ని తగలబెట్టారు.

మన తిరుపతి వెళ్ళినవారు చెక్కబొమ్మలు కొన్నట్టే, ఇక్కడికి వచ్చినవారు తరిమెన పట్టిన జపమాలలూ శిలువలూ కొనేవారు. ఆ పనివాళ్ళే తరువాత నస్యం డబ్బీలు చేశారు. ఆ తరువాత, వినండి, పైపులు కాదు, పైపుల కాడలు చేశారు. ఎక్కడెక్కడి పింగాణీ గిన్నెలకో ఇక్కడినుంచి కొమ్ముతోనూ చెక్కతోనూ చేసిన కాడలు వెళ్ళేవి. గిన్నె పని 1850లలో గాని రాలేదు. కాడ బాగుచేయించుకోవడానికి నేను సరైన ఊరికే వచ్చానన్నమాట!

1850లలో వచ్చిన ఆ చెక్కను ఇంగ్లీషులో బ్రయర్ అంటారు. ముళ్ళగులాబి కాబోలు అనుకునేరు, కాదు. ఫ్రెంచివారు బ్రుయేర్ అనే మాటను ఇంగ్లీషువారు నోరు తిరగక అలా చేశారు. మధ్యధరా తీరాన, కోర్సికాలాంటి చోట్ల, రాళ్ళలో పెరిగే పొద అది. మొదలుకూ వేరుకూ మధ్య బుడిపెలాగా ఊరుతుంది. ఆ బుడిపెను తవ్వి, ముక్కలు కోసి, గంటల తరబడి ఉడకబెట్టి, నెలల తరబడి ఆరబెడితే నిప్పుకు తొందరగా లొంగని చెక్క తయారవుతుంది. ఒకప్పుడు ఊరు ఊరంతా ఈ పనే. ఇప్పుడు ఆ కార్ఖానాలు వేళ్ళమీద లెక్కపెట్టవచ్చు. చర్చి పక్కనే పైపులకూ వజ్రాలకూ కలిపి ఒక మ్యూజియం ఉంది. వజ్రాలు సానపట్టడం ఈ ఊరి రెండో వృత్తి. మ్యూజియం గురించి ఇంతకంటె చెప్పను. నా మనసంతా జేబులో ఉంది.

మా మేనల్లుడి స్నేహితుడొకాయన మమ్మల్ని ఒక ముసలి పనివాడి ఇంటికి తీసుకువెళ్ళాడు. ఇంటి కింది గదిలో కిటికీ పక్కన బల్ల, తోలుపటకా, చెక్కపొట్టు. పెద్దాయన పైపు తీసుకుని లాగలేదు, తిప్పలేదు. మొదట వాసన చూశాడు. తర్వాత మెడ చుట్టూ ఉన్న వెండిపొన్ను మీద గోరు పెట్టి నిదానంగా ఒక చుట్టు తిప్పాడు.

"ఇది ఇక్కడ వేసింది కాదు."

"మా గుంటూరు కంసాలి వేసింది" అన్నాను.

తల ఊపి, లేచివెళ్ళి, పైపును ఐసుపెట్టెలో పెట్టి వచ్చాడు. కాడ ఎబొనైటుది. రబ్బరులో గంధకం దట్టంగా కలిపి గట్టిపరిస్తే వచ్చే సరుకు. చలికి అది చెక్కకంటె ఎక్కువ ముడుచుకుంటుందట. పావుగంట చాలు, అంతకుమించి ఉంచితే చెక్కకు మంచిది కాదు అన్నాడు. బయటికి తీసి, గిన్నెను పట్టుకోకుండా మెడను గుప్పిట్లో బిగించి, కాడను ఒక్కవైపే, వెంట్రుకవాసి చొప్పున తిప్పాడు. ఎక్కడో చిన్న చప్పుడైంది. కాడ చేతిలోకి వచ్చింది.

నలభై ఏళ్ళనాటి జిడ్డు వాసన గదంతా నిండింది. భోజనాలయ్యాక మా అరుగుమీద వచ్చే వాసన అది. నేను కిటికీలోంచి ఏటివైపు చూస్తూ నిలబడ్డాను.

పెద్దాయన బెజ్జంలోకి దీపం చూపించి ఏదో అన్నాడు. మా మేనల్లుడు తెలుగు చేశాడు:

"పొన్ను కింద మెడ చిట్లి ఉందట. వేడిగా ఉన్నప్పుడు ఎవరో కాడ లాగారట."

ఎవరో ఏమిటి? నేనే. నాకు తొమ్మిదేళ్ళు. నాన్నగారు పైపు కిటికీలో పెట్టి పెరట్లోకి వెళ్ళారు. దొరవేషం వేద్దామని నోట పెట్టుకుని, పళ్ళతో పట్టి, గిన్నె పుచ్చుకుని పక్కకు లాగాను. వెచ్చని తడికి చెక్క ఉబ్బి మొనను కరచుకుని ఉంటుందని నాకేం తెలుసు? చిట్ మంది. మళ్ళీ దోపి పెట్టేశాను. ఎవరూ ఏమీ అనలేదు. వారం తిరిగేసరికి మెడకు వెండిపొన్ను వచ్చింది. ముచ్చటపడి వేయించుకున్నారనే అనుకున్నాను. అలా అనుకోవడం నాకు హాయిగా ఉండేది కూడాను. అప్పటినుంచీ కాడ బిగువే. రోజూ దాన్ని తిప్పలేక అవస్థ పడుతూ, "వానాకాలం, చెక్క ఉబ్బింది" అనేవారు. ఎండాకాలంలోనూ అదే మాట.

పెద్దాయనకు ఇదంతా చెప్పాను. ఆయన నవ్వలేదు. పొన్ను చిట్లిన చోటును దగ్గరికి నొక్కింది గనుక, బెజ్జం గుండ్రనితనం పోయి కొంచెం కోడిగుడ్డు వాలకం పట్టింది, అక్కడ మొన ఒరుసుకుంటోంది, అంతే జబ్బు అన్నాడు.

"అయితే ఉప్పుకాగితంతో మొన చుట్టూ గీకేస్తే సరి" అన్నాను, తెలిసినవాడిలా.

"చుట్టూ గీకితే ఐదు నిమిషాల పని. తర్వాత వాన వెలిసి చెక్క ఆరుతుంది, కాడ జారి పడుతుంది. గీకింది మళ్ళీ అతుక్కోదు" అన్నాడు.

ముందు లోపలి జిడ్డంతా స్పిరిటుతో కడిగి, బాగా ఆరనిచ్చాడు. తర్వాత మెత్తని పెన్సిలు తీసి మొన అంతటా రాశాడు. పెన్సిలుపొడి నూనెలాగా జారుతుంది, కాని నూనెలాగా చెక్కలో ఇంకదు. కాడను వచ్చినంతవరకే దోపి, తిప్పి, తీశాడు. మసకగా ఉన్న మొనమీద రెండు చోట్ల మాత్రం అద్దంలా మెరుస్తోంది. ఒరుసుకునే చోట్లు అవే. అరిగిపోయిన ఉప్పుకాగితం ముక్క నా చేతికిచ్చి, "మూడు గీతలు, అక్కడే" అన్నాడు. గీశాను. తుడిచాను. మళ్ళీ పెన్సిలు, మళ్ళీ దోపడం, మళ్ళీ తియ్యడం. మెరుపు కొంచెం జరిగింది. మళ్ళీ మూడు. ఇలా ఎన్నిసార్లో లెక్క తప్పింది. మధ్యలో కాఫీ వచ్చింది, చల్లారింది. చివరికి కాడ మెత్తగా తిరుగుతూ వెళ్ళి, మెడకు ఆని ఆగింది. వెలుగుకు పట్టి చూస్తే సందు లేదు.

పొన్ను మార్చాలా అని అడిగాను. "పని తెలిసినవాడు వేశాడు. నేను ముట్టుకోను" అన్నాడు. వెలుతురుకు పచ్చబారిన కాడను పటకామీద పట్టి నల్లగా మెరిపిస్తానన్నాడు. పళ్ళగాట్లు ఉంటాయా అని అడిగాను. కొంత పోతాయన్నాడు. వద్దన్నాను. డబ్బు పుచ్చుకున్నాడు. పుచ్చుకోకపోతే నాకు బాధగా ఉండేది.

ఆ రాత్రి జెనీవానుంచి గుంటూరుకు, మా అక్కయ్యకు, ఫోను చేశాను. ఆవిడకు ఎనభై దాటాయి. సంగతంతా చెప్పి, ఇన్నేళ్ళూ దాచిన తప్పు కూడా ఒప్పుకున్నాను.

"నాన్నకు తెలియదనుకున్నావుట్రా?" అంది. "కంసాలి దగ్గరికి నన్ను వెంటబెట్టుకునే వెళ్ళారు. ‘వాడి దగ్గర అనకే, భయపడతాడు’ అన్నారు. నేను అనలేదు."

కొంచెంసేపు ఇద్దరం మాట్లాడలేదు.

"ఇంతకీ కాడ వస్తోందా?" అంది.

"వస్తోందే అక్కయ్యా" అన్నాను.