నిబంధన అనే మాట – అక్కయ్య బిడ్డ

తెలుగు పండితుడికి ఒక మాట చేత చిక్కితే దాని ధాతువు వెదకనిదే నిద్ర పట్టదు. 'నిబంధన' అనే మాటతో నా పేచీ మాత్రం వ్యాకరణం వల్ల వచ్చినది కాదు. అది 1977 నవంబరు నాటిది.

'ని' ఉపసర్గ, 'బంధ' ధాతువు. కట్టుట, ముడివేయుట అని అర్థం. కాలక్రమాన కచేరీ కాగితాలలో 'నియమ నిబంధనలు' అనే జంటలో చిక్కుకొని ఆ మాట షరతుగా మారిపోయింది. మరి పాత నిబంధన, క్రొత్త నిబంధన అన్నప్పుడు మనం ముడి అనుకోవాలా, షరతు అనుకోవాలా? హెబ్రీయులకు వ్రాసిన పత్రిక తొమ్మిదవ అధ్యాయంలో ఒకే గ్రీకు పదాన్ని మనవాళ్లు ఒకచోట నిబంధన అనీ, వెంటనే మరొకచోట మరణశాసనమనీ తెనిగించారు. ఆ అనువాదకుల ఇబ్బంది నాకు బాగా అర్థమవుతుంది.

మాది మచిలీపట్నం. 1841లో రాబర్టు నోబుల్, హెన్రీ ఫాక్సు దొరలు వచ్చి నాటిన ఆంగ్లికను సంఘపు సంతతి. బిడ్డ పుట్టిన కొన్ని వారాలకే గుడికి తీసుకువెళ్లి బాప్తిస్మమిప్పించి, అక్కడే పేరు పెట్టడం మా ఆచారం. అక్కయ్యను దివిసీమలో నాగాయలంక దగ్గరి పల్లెకు ఇచ్చారు. పెళ్లయిన రెండేళ్లకు బావగారు శిశు బాప్తిస్మాన్ని ఒప్పుకోని ఒక సహవాసంలో చేరారు. విశ్వసించి, నోటితో ఒప్పుకొని, నీళ్లలో మునిగితేనే బాప్తిస్మమని వారి బోధ. ఇది మన డెల్టాకు కొత్త వాదమేమీ కాదు. 1836లో ఇంగ్లాండు నుండి బయలుదేరి వచ్చిన బౌడెన్, బీర్ దొరలు గోదావరి డెల్టాలో పాదుకొల్పినదీ ఈ బోధే.

1977 ఆగస్టులో అక్కయ్యకు మగబిడ్డ పుట్టాడు. మా నాన్నగారు గుడిలో బాప్తిస్మం చేయించాలంటారు, బావగారు వీలుపడదంటారు. ఉత్తరాలు నడిచాయి. ఈ తగవులో బిడ్డకు పేరే పెట్టలేదు. అందరూ 'బాబు' అని పిలిచేవారు. నవంబరు 19న ఉప్పెన వచ్చింది. నేనప్పుడు భాషాప్రవీణ విద్యార్థిని. దారులు తెగిపోయినందున నాలుగవ నాటికి గాని అక్కడికి చేరలేకపోయాను. అక్కయ్య, బావగారు బ్రతికారు. బిడ్డ చేయి జారిపోయాడు. శవాలను గుంపులుగా దహనం చేస్తున్న రోజులవి. అంతకు మించి వ్రాయను.

మరుసటి సంవత్సరం నవంబరు 2న, సమాధుల పండుగనాడు, ఉప్పెనలో పోయినవారి పేర్లు గుడిలో చదువుదామన్నారు. మా బిడ్డ దగ్గరికి వచ్చేసరికి ఒక సంఘపెద్ద అడ్డుచెప్పారు. బాప్తిస్మపు రిజిస్టరులో లేని బిడ్డను ఎలా చదువుతామన్నారు. ఆయనను నేను తప్పుపట్టలేను. 1662 నాటి ఆంగ్లికను ప్రార్థన పుస్తకంలో, బాప్తిస్మం పొందక చనిపోయినవారికి సమాధి క్రమాన్ని వాడరాదని స్పష్టంగా ఉన్నది. దక్షిణ ఇండియా సంఘం 1947లో ఏర్పడి అప్పటికి ముప్పై ఏళ్లు దాటినా, పాత అలవాటు పోలేదు. పైగా చదవడానికి పేరేదీ?

ఆ రాత్రి మా ఇంట్లో మదనపల్లె వైపు నుండి వచ్చిన విశ్రాంత అయ్యగారు ఒకరు బస చేశారు. అది అమెరికా రిఫార్ముడు సంఘంవారి ఆర్కాటు మిషను ప్రాంతం. ఆ మిషను 1853లో మొదలైంది. ప్రెస్బిటేరియనులు, కాంగ్రిగేషనలువారు కలసి 1908లో ఏర్పరచుకొన్న సంఘమే 1947లో ఆంగ్లికనులతో, మెథడిస్టులతో ఏకమైంది. గురువును 'ప్రెస్బిటరు' అనడం ఆ ఐక్యత తరువాత మాకూ అలవాటైంది. పెద్ద అని దానర్థం.

ఆయన అక్కయ్యను "అమ్మాయీ, అబ్రాహాము సంతతికి ఎనిమిదవ నాడు గదా సున్నతి? అయిదవ నాడే పోయిన బిడ్డ నిబంధనకు వెలుపలివాడా?" అని అడిగారు. అక్కయ్య మాట్లాడలేదు. "సున్నతి ముద్ర. రోమా పత్రిక నాలుగవ అధ్యాయం చూడు. పొలం నీదైన తరువాతే గదా దస్తావేజు మీద ముద్ర పడేది! ముద్ర ఆలస్యమైతే పొలం పరాయిది కాదు" అన్నారు. 1618–19లో హాలెండులోని డార్ట్ పట్టణంలో జరిగిన సభ తీర్మానాలలో మొదటి భాగం పదిహేడవ అంశాన్ని వివరించారు. భక్తిగల తల్లిదండ్రులు శైశవంలోనే పోయిన తమ బిడ్డల రక్షణను సందేహించనక్కరలేదని దాని సారాంశం. బిడ్డల పవిత్రత స్వభావసిద్ధం కాదనీ, నిబంధన వల్ల కలిగినదనీ ఆ సభ చెప్పిన కారణం.

గోడవార కూర్చున్న బావగారు తలెత్తి, "అయితే అయ్యగారూ, బాప్తిస్మం ఆపినందుకు నేను బిడ్డను పోగొట్టినట్లు కాదా?" అన్నారు. ఏడాదిగా ఆయన ఎవరినీ అడగలేక దిగమింగుకొన్న ప్రశ్న అదేనని మాకప్పుడు తెలిసింది. "కాదు నాయనా" అన్నారు ఆయన. వారి సిద్ధాంతం ప్రకారం శిశు బాప్తిస్మం మానడం తప్పే. ఆ మాట ఆ రాత్రి ఎత్తకపోవడమే ఆయన పాండిత్యమని నా అభిప్రాయం.

అక్కయ్య మాత్రం కాసేపటికి, "మా పక్కింటి వాళ్ల పిల్లలు ముగ్గురూ పోయారండీ. వాళ్లు మన మతం వాళ్లు కారు. వాళ్ల సంగతి ఏమిటి?" అని అడిగింది. ఆయన చాలాసేపు దీపం వైపు చూసి, "డార్ట్ వారు అది చెప్పలేదమ్మా" అన్నారు. నేనూ ఆనాటి నుండి చదివినంతలో దానికి సమాధానం ఏ తీర్మానంలోనూ నాకు కనబడలేదు.

బావగారు తన సహవాసాన్ని విడవలేదు. అక్కయ్య గుడిని విడవలేదు. తరువాత పుట్టిన ఆడపిల్లకు పేరు ఇంట్లోనే పెట్టారు; పద్దెనిమిదో ఏట తానే కోరి కాలువలో బాప్తిస్మం తీసుకొంది. గుడివాడలో ఉద్యోగ విరమణ చేశాక నేను కుటుంబ వంశవృక్షం వ్రాయబూని, బిడ్డకు ఏ పేరు వ్రాయమంటావని అక్కయ్యను అడిగాను. ఏదైనా మంచి పేరు పెడదామని నా ఉద్దేశం. తెలుగు పండితుణ్ణి గదా, నాలుగైదు పేర్లు సిద్ధం చేసుకొని వెళ్లాను.

"బాబు అనే వ్రాయరా తమ్ముడూ, వాడికి తెలిసిన పేరు అదొక్కటే" అన్నది.

అలాగే వ్రాశాను.