పెర్ల్స్ హిల్ మీది మేడ

సింగపూరులో మా పినతల్లిగారి యింట పదునైదు దినములుండి వచ్చితిమి. అచ్చటి దేవాలయములను, తోటలను గూర్చి సోదరీమణులు పెక్కుమారులు చదివియుందురు. కావున వానిని విడిచి, పెర్ల్స్ హిల్ అను గుట్టను గూర్చియే వ్రాసెదము. పేరు వినగానే ముత్యములు తలపునకు వచ్చినవి. తీరా విచారింపగా అది జేమ్స్ పెర్ల్ అను నొక ఓడ కప్తాను పేరు!

ఆ గుట్టపై 1976లో పూర్తియైన పెర్ల్ బ్యాంక్ అను 38 అంతస్తుల మేడ యుండెడిది. గుఱ్ఱపులాడము వలె వంగిన యా కట్టడమును టాన్ చెంగ్ సియాంగ్ అను శిల్పి రూపించెను. నేల 1970 నుండి 99 ఏండ్ల కౌలుది. కౌలు తరిగినకొలది వెలయు తరుగును గదా! ఇండ్లవారు పలుమారులు అమ్మజూచి విఫలులైరి. కొందరు నిలుపుకొనవలెననియు యత్నించిరి. తుదకు 2018లో మేడ నంతటిని 72 కోట్ల 80 లక్షల సింగపూరు డాలర్లకు కాపిటలాండ్ వారికి విక్రయించిరి. ఇప్పుడచ్చట 774 ఇండ్ల జంటమేడలు నిలిచియున్నవి.

"ఒక్కరు వలదన్నచో నేమగును?" అని యడిగితిమి. పూర్వమైన ఆ ఒక్కరి మాటయే చెల్లెడిది. 1999లో చట్టము మారినది. కట్టి పదేండ్లు దాటిన మేడకు నూటికి 80 పాళ్లు, అంతకు లేతదానికి 90 పాళ్లు సమ్మతి చాలును. ఇది తలల లెక్క కాదు, వాటాలకును వైశాల్యమునకును చెందిన లెక్క. మావారు లెక్కల ఉపాధ్యాయులగుటచే దీనిని మిగుల మెచ్చుకొనిరి. పినతల్లిగారు మెచ్చుకొనలేదు.

ఆమె వేరొక పాత మేడలో ముప్పదియేండ్లు కాపురముండిరి. సంతకము చేయని కొలదిమందిలో నామె యొకరు. అభ్యంతరము చెప్పువారు ధననష్టమునో, బేరములోని కపటమునో బోర్డువారికి చూపవలెను. పొరుగు పోవుననుట నష్టములోనికి రాదు. సొమ్ము దండిగనే వచ్చినది. కాని అంతలోనే యిరుగుపొరుగు ఇండ్ల ధరలును పెరుగుటచే, దూరమున చిన్న యిల్లు కొనిరి. తులసికోట పట్టు చోటు చూచి కొంటిమని నవ్విరి.

ఎదురింటి చీనా ముదుసలి దీవి ఆవలికొసన కుమారుని యింటికి చేరినది. వారిరువురకు ఉమ్మడి భాష లేదు, మలయు మాటలు నాలుగు తప్ప. మేమున్న శుక్రవారమున టెలిఫోను మ్రోగినది. "సుదా మకాన్?" అని ఆమె యడిగినది, భోజనమైనదా యని. "సుదా, సుదా" అని పినతల్లిగారు బదులు చెప్పిరి. ఆ పూట ఆమె ఏకాదశి యుపవాసము.