గొల్లపల్లి గద్దె మీద కాసేపు

జగిత్యాల బస్టాండులో గొల్లపల్లి బస్సెక్కారనుకోండి. పెద్దవాళ్లు కమ్మీ పట్టుకుని నిలబడి ఉంటారు. లేచి సీటివ్వడానికి కుర్రాళ్లే తక్కువ. చాలామంది దుబాయ్‌లోనో మస్కట్‌లోనో ఉన్నారు మరి! 2016 దాకా కరీంనగర్ జిల్లాలో ఉన్న ఈ మండలం ఇప్పుడు జగిత్యాల జిల్లాలోది. దారికి అటూ ఇటూ వరి, మక్క, మామిడి తోటలు.

బస్సు దిగి కాస్త నడిస్తే వేపచెట్టు కింద గద్దె. నేను వెళ్లిన పొద్దున అక్కడ నలుగురు పెద్దలు కూర్చున్నారు. ఒకాయన పక్కన ప్లాస్టిక్ కవరు. అందులో గోలీల పట్టీలు, పాత చీటీలు, ఎప్పటిదో ఎక్స్‌రే. ఆయన ఆరోగ్య చరిత్రంతా ఆ కవరే.

''బీపీ గోలీ రోజూ వేసుకుంటున్నావా తాతా?''

''తలకాయ తిరిగినప్పుడు ఏస్కుంట బిడ్డా. మంచిగున్నప్పుడు ఎందుకు?''

చిక్కంతా ఇక్కడే. బీపీ పెరిగితే నొప్పి ఉండదు, జ్వరం రాదు. చాలామందికి తల కూడా తిరగదు. గోలీ మానేస్తే లోలోపలే గుండెను, మెదడును, కిడ్నీలను దెబ్బతీస్తుంది. పక్కనున్న అవ్వ ఊరుకోలేదు. ''మా అన్న గిట్లనే అన్నడు. పచ్చవాతమొచ్చి మూడేండ్లు మంచంల వడ్డడు'' అంది. తాత ఏమీ అనలేదు, కవరు సర్దుకున్నాడు. సర్కారు దవాఖానలో ఈ గోలీలు ఉచితమే. అయిపోయినప్పుడు వెళ్లి తెచ్చిపెట్టే మనిషే ఇంట్లో ఉండడు.

అవ్వ బీడీలు చుట్టి పిల్లల్ని పెంచింది. ఒళ్లో చాట, చాటలో కత్తిరించిన తునికాకు, తంబాకు, దారం. పొద్దంతా మెడ వంచి కూర్చోవడమే. ఏళ్ల తరబడి అలా కూర్చుంటే ఏమవుతుందో ఆమె లేచే తీరే చెబుతుంది. ముందు గోడ పట్టుకుంటుంది, తర్వాత మోకాలు, ఆ తర్వాత 'అమ్మా' అంటుంది. తంబాకు దుమ్ముకు దగ్గు అదనం. 2018 ఆగస్టులో మొదలైన కంటివెలుగులో ఇచ్చిన అద్దాలు మాత్రం కొత్తగానే ఉన్నాయి. పండక్కే పెట్టుకుంటుందట!

ఆసరా పింఛను 2014లో వెయ్యి రూపాయలతో మొదలై, 2019లో 2,016 రూపాయలైంది. అవ్వ లెక్కలో మోకాళ్ల నూనెకూ వాటా ఉంది, మనవరాలి బిస్కెట్లకూ ఉంది. ముందు బిస్కెట్లే.

మాటల్లోనే తాత ఫోను మోగింది. గల్ఫు నుంచి కొడుకు, వీడియో కాల్. తాత గబుక్కున కవరును వీపు వెనక్కి నెట్టి, తలపాగా సవరించుకున్నాడు.

''మంచిగున్న కొడుకా. నువ్వు తిన్నవా?''

అవ్వ ఆయన వైపే చూస్తోంది.