చూచు కన్ను

సౌందర్యము వస్తువునందున్నదా, చూచువాని కన్నునందున్నదా? ఈ ప్రశ్నకు కృష్ణాతీరమందలి అమరావతీ స్తూపము సమాధానము చెప్పుచున్నది.

సుమారు రెండువేల యేండ్ల క్రిందట అచటి శిల్పులు సున్నపురాతి పలకలపై పద్మములను, బుద్ధుని గాథలను చెక్కిరి. కాలక్రమమున స్తూపము మట్టిదిబ్బయయ్యెను. 18వ శతాబ్ది చివర కొత్త కట్టడములకు ఇటుకలు, రాళ్లు కావలసి జనులు ఆ దిబ్బను త్రవ్విరి. పెక్కు పలకలు గోడలలో చేరినవి. కొన్ని బట్టీలలో కాలి సున్నమైనవి. ఆ జనులు దుర్మార్గులు కారు. అవసరము వారి కన్నులను కప్పెను.

అదే రాతిని కాలిన్ మెకంజీ అను సర్వే అధికారి వేరుగా చూచెను. 1816లో చిత్రకారులతో మరల వచ్చి ఆ శిల్పములను శ్రద్ధతో గీయించెను. తరువాత నశించిన కొన్నిటి రూపము నేడు ఆ చిత్రముల వలననే తెలియుచున్నది.

మిగిలినవానిలో ఒక గుండ్రని ఫలకము చెన్నై ప్రభుత్వ మ్యూజియమునందున్నది. మదించిన నాలాగిరి యేనుగు జనులపైబడుటయు, పిదప బుద్ధుని పాదములకడ మోకరిల్లుటయు అందొకేచోట కానవచ్చును. తొందరగా చూచువానికది రాతిమీది గుంపు. నిలిచి చూచువానికి భయము శాంతిగా మారిన కథ.

విద్యార్థులారా! శిల్పి చెక్కిన అందము ఎల్లప్పుడును రాతియందే యుండెను. దానిని నిలుపుటకు మాత్రము శ్రద్ధగల కన్ను కావలసివచ్చెను.