గ్యాస్ కట్టెయ్యడం ఇంట్లో ఎంతమందికి వచ్చు?

వంటపని మగవాళ్లూ పంచుకోవాలని ఈమధ్య అందరూ అంటున్నారు. సంతోషమే. కానీ కాఫీ కలపడం, ఉప్మా చెయ్యడం కన్నా ముందు నేర్చుకోవలసింది ఒకటుంది. గ్యాస్ బండ మీది రెగ్యులేటర్ ఎటు తిప్పితే గ్యాస్ ఆగుతుందో మీ ఇంట్లో ఎంతమందికి తెలుసు? ఒకసారి అడిగి చూడండి. చాలా ఇళ్లలో ఆ సంగతి ఇల్లాలికి ఒక్కదానికే తెలిసి ఉంటుంది. కరెంటు మెయిన్ స్విచ్ ఎక్కడుందో ఇంటాయనకు ఒక్కడికే తెలిసి ఉంటుంది. ప్రమాదం ఇద్దరూ ఇంట్లో ఉన్న వేళ చూసుకుని రాదు కదా!

కిందటి కార్తీకమాసంలో మా పక్క ఫ్లాట్ వదినగారు సోమవారం పొద్దున్నే గుడికి వెళ్లారు. వాళ్ల మామగారు, రిటైరైన లెక్కల మాస్టారు, పాలు పొయ్యి మీద పెట్టి హాల్లో పేపరు చదువుకుంటున్నారు. పాలు పొంగి మంట ఆరిపోయింది. గ్యాస్ మాత్రం వస్తూనే ఉంది. వాసన తగిలేసరికి ఆయన గాభరాపడి మా తలుపు కొట్టారు. నేను వెళ్లేసరికి, అప్పుడే నిద్రలేచిన మనవడు "వాసన పోతుంది, ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేస్తానుండు తాతయ్యా" అంటూ స్విచ్ మీద చెయ్యి పెట్టబోతున్నాడు. "ఒరేయ్, ముట్టుకోకు!" అని నేను అరిచిన అరుపు కింద వాచ్‌మన్‌కి కూడా వినపడిందట.

ముందు హాల్లో దేవుడి దగ్గర వెలుగుతున్న దీపం కొండెక్కించమన్నాను. కార్తీక సోమవారం పూట చేతులారా దీపం ఆర్పడమేమిటని మాస్టారు ఒక్క క్షణం తటపటాయించారు గానీ ఆర్పేశారు. నేను పొయ్యి, రెగ్యులేటర్ కట్టేసి, వాల్వుకి మూత బిగించి, వంటింటి వెనక తలుపు, బాల్కనీ తలుపు బార్లా తీశాను. అందరం బయటికి వచ్చేశాం. కాసేపటికి వాసన పోయింది. ఏమీ జరగలేదు కాబట్టి ఇప్పుడు కథలా చెప్పుకుంటున్నాం.

ఇంజనీరింగ్ చదివే కుర్రాడికి కూడా స్విచ్ ఎందుకు వెయ్యకూడదో చెప్పాల్సి వచ్చింది. స్విచ్ వేసినా, ఆర్పినా లోపల సన్నని నిప్పురవ్వ పుడుతుంది. గ్యాస్ పేరుకున్న గదిలో అది చాలు. అందుకే వెలిగే లైటు ఆర్పకూడదు, ఆరిన లైటు వెయ్యకూడదు, లోపల నిలబడి ఫోను కూడా చెయ్యకూడదు. బయటికి వచ్చాకే ఫోను. గ్యాస్ లీకైతే 1906కి రాత్రీ పగలూ చెప్పవచ్చు. మంట లేస్తే 101 గానీ 112 గానీ. ఇంకో సంగతి, వంటగ్యాస్ గాలి కన్నా బరువు. పైకి పోదు, నీళ్లలా నేల మీద పరుచుకుంటుంది. పైనున్న చిన్న కిటికీ ఒక్కటీ తీసి ఊరుకుంటే లాభం లేదు, తలుపులు తియ్యాలి. అసలు ఆ గ్యాస్‌కి సొంతంగా వాసన ఉండదు. లీకైతే మనకు తెలియాలని ఆ కంపు మందు కలుపుతారు. కాబట్టి ఆ వాసనను "బండ అయిపోవస్తోందేమోలే" అని కొట్టిపారెయ్యకండి.

ఆ సాయంత్రం మాస్టారు అన్నమాట నాకు ఇంకా చెవిలోనే ఉంది. "నలభై ఏళ్లుగా ఇంట్లో గ్యాస్ ఉందమ్మా. రెగ్యులేటర్ మీద ఎప్పుడూ చెయ్యి వెయ్యలేదు." ఆయన వేలమంది పిల్లలకు లెక్కలు చెప్పిన మనిషి.

ఆ ఆదివారమే మా ఇంట్లో అందర్నీ వంటింట్లోకి పిలిచాను. "ఇదేమన్నా మిలటరీ క్యాంపా?" అన్నారు మావారు. అయినా వచ్చారు. ఒక్కొక్కరి చేతా రెగ్యులేటర్ కట్టించాను, విప్పించాను. పిల్లలిద్దరి చేతా కళ్లు మూసుకుని కట్టించాను. పొగ కమ్మితే ఎలాగూ కనపడదు కదా. మా అత్తయ్యగారి వంతు వచ్చేసరికి అసలు విషయం బయటపడింది. కీళ్లనొప్పులతో ఆవిడ వేళ్లకు ఆ నాబ్ తిరగలేదు. ఎంతోసేపు ప్రయత్నించి, "నావల్ల కాదే" అని చిన్నబుచ్చుకున్నారు. ఆవిడకు వేరే పని అప్పజెప్పాం. వాసన వచ్చినా, పొగ కనపడినా దేనికోసమూ ఆగకుండా తలుపు తీసుకుని బయటికి వెళ్లి పక్కింటి తలుపు చేత్తో బాదాలి. "నగలో, కాగితాలో?" అని అడిగారు. "మీరు వస్తే చాలు అత్తయ్యా" అన్నాను. ఇంట్లో పెద్దవాళ్లుంటే వాళ్లకు ఏది చేతనవునో ముందే చూసుకోవడం మంచిది.

బండ వచ్చినప్పుడు సీలు ఒక్కటే చూసి తీసుకోకండి. పైనున్న పిడిని నిలబెట్టే మూడు పట్టీల్లో ఒకదాని లోపలివైపు ఒక అక్షరం, రెండంకెలు ఉంటాయి. ఏ అంటే జనవరి నుంచి మార్చి, బీ అంటే ఏప్రిల్ నుంచి జూన్, సీ అంటే జూలై నుంచి సెప్టెంబరు, డీ అంటే చివరి మూడు నెలలు. అంకెలు సంవత్సరం. ఆ గడువులోగా బండను మళ్లీ పరీక్ష చెయ్యాలని అర్థం. గడువు దాటింది ఇస్తే వెనక్కి పంపెయ్యండి, మొహమాటం వద్దు. రబ్బరు ట్యూబు అయిదేళ్లకోసారి మార్చాలి. మంచిగానే ఉంది కదా అని లోభించే చోటు కాదది. లీకు చూడడానికి సబ్బునీళ్లు రాస్తే బుడగలు వస్తాయి. అగ్గిపుల్ల గీసి చూసే మహానుభావులు ఇంకా ఉన్నారు!

గారెలో, అప్పడాలో వేయించేటప్పుడు మూకుడుకు సరిపడా మూత పక్కన పెట్టుకోవడం నాకు మా అమ్మ నేర్పింది. నూనె అంటుకుంటే నీళ్లు పొయ్యకూడదు. నీళ్లు నూనె అడుగుకు పోయి, ఒక్కసారిగా ఆవిరై, మండే నూనెను పైకి చిమ్ముతాయి. మూకుడును కదిలించకుండా మూత పెట్టి, పొయ్యి కట్టేస్తే గాలి అందక మంట చస్తుంది. వేడి గిన్నె దించడానికి కొంగు పట్టే అలవాటు మనలో చాలామందికి ఉంది. మసిగుడ్డ, పట్టకారు ఉన్నది అందుకే. సింథటిక్ చీరైతే కరిగి ఒంటికి అతుక్కుంటుంది. ఒంటిమీద బట్ట అంటుకుంటే పరుగెత్తకూడదు, పడుకుని దొర్లాలి. పక్కనున్నవాళ్లు మందపాటి దుప్పటి కప్పాలి.

చెయ్యి కాలితే మన ఇళ్లలో మందులకేం కొదవ? ఇంకు, టూత్‌పేస్టు, వెన్న, పసుపు, దోసెల పిండి. ఇవేవీ వద్దు. గాజులు, ఉంగరాలు వెంటనే తీసేసి, వాపు వచ్చాక అవి రావు కాబట్టి, కాలిన చోట ఇరవై నిమిషాలపాటు చల్లని నీళ్లు ధారగా పోస్తూ ఉండాలి. ఐస్ పెట్టకూడదు. అతుక్కున్న బట్ట పీకకూడదు. మన ఎండాకాలంలో పైన ట్యాంకులోంచి వచ్చే నీళ్లే సలసలమంటాయి, అందుకని మే నెలలో కుళాయి కింద చెయ్యి పెట్టే ముందు చూసుకోండి. బిందెలో నీళ్లు నయం.

మంట కన్నా పొగ ఎక్కువమందిని తీసుకుపోతుందని మన హైదరాబాదు, సికింద్రాబాదుల్లో జరిగినవే చెబుతున్నాయి. 2022 సెప్టెంబరులో సికింద్రాబాదులో ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూంలో మంటలు లేచి, పై లాడ్జిలోకి పొగ పాకి 8 మంది పోయారు. 2025 మే నెలలో చార్మినార్ దగ్గర గుల్జార్‌హౌజ్‌లో 17 మంది పోయారు. ఆ ఇంటికి దారి ఒక్కటే, అదీ ఇరుకు. ఆ వార్త చదివిన రాత్రి నేను మా ఇంటి గ్రిల్లు తాళంచెవి ఎక్కడుందో చూశాను. మావారి ప్యాంటు జేబులో! ఇప్పుడది తలుపు పక్కన మేకుకు ఉంటోంది, పిల్లలకు అందే ఎత్తులో. దొంగల భయంతో బాల్కనీలకు ఇనప ఊచలు బిగిస్తున్నాం, తెరుచుకునే చిన్న తలుపు ఒక్కటైనా పెట్టించుకోవాలి. మా అపార్ట్‌మెంటులో మెట్లకింద రాత్రంతా స్కూటర్లు ఛార్జింగు పెట్టేవారు. అందరం దిగే దారి అదొక్కటే. మీటింగులో చెబితే ఒకాయన "ఏమీ కాదమ్మా" అన్నారు. మాస్టారు లేచి నిలబడ్డారు. ఛార్జింగు పాయింటు గేటు దగ్గరికి మారింది.

పిల్లల బడి సంగతి. 2004 జూలై 16న తమిళనాడు కుంభకోణంలో వంటశాల దగ్గర మొదలైన మంట గడ్డికప్పుకు అంటుకుని 94 మంది పిల్లలు పోయారు. తప్పించుకునే దారి సరిగా లేకపోవడమే అంతమందిని పొట్టన పెట్టుకుంది. పేరెంట్స్ మీటింగులో మనం మార్కులు అడుగుతాం. నేను ఈసారి మా అమ్మాయి స్కూల్లో వెనక గేటు గురించి అడిగాను. ఎప్పుడూ తాళమే. "పిల్లలు బయటికి పోతారని మేడమ్" అన్నారు హెడ్‌మిస్ట్రెస్. నిజమే. మరి తాళంచెవి? ఆఫీసు బీరువాలో ఉందట. రెండోసారి అడిగితే ఆయాకు ఒకటి ఇచ్చామన్నారు. మూడోసారి అడిగేటప్పుడు ఆయానే అడగాలనుకుంటున్నాను.

మావారు ఒక బట్టల షాపులో లెక్కలు రాస్తారు. అక్కడ మంటలార్పే ఎర్ర సిలిండర్ మీద ముల్లు పచ్చగీతలో ఉందో లేదో చూడమన్నాను. చూస్తే అది ఎర్రలో ఉంది. వాడడం ఎవరికీ రాదు. పిన్ను లాగి, గొట్టాన్ని మంట అడుగుకు పెట్టి, పిడి నొక్కి అటూ ఇటూ తిప్పాలని నేనే చెప్పి పంపాను. సిలిండర్ నింపించడానికి ఓనరుగారు వెంటనే ఒప్పుకున్నారు. మెట్ల మీద అట్టపెట్టెలు పేర్చడం మాత్రం మానలేదు. పండగ సీజన్ అయ్యాక తీయిస్తానన్నారట. సంక్రాంతి వెళ్లి నెలయింది. రోజూ రాత్రి మావారు ఇంటికి రాగానే కాళ్లు కడుక్కోకముందే అడుగుతున్నాను, పెట్టెలు తీశారా అని.