నేను కొట్టివేసిన తేదీ

కరీంనగర్‌లో చరిత్ర పాఠం చెబుతున్న తొలిరోజులలో నేనొక తప్పు చేశాను. ఆసిఫాబాదు వైపునుంచి వచ్చిన గోండు విద్యార్థి ఒకడు, కుమ్రం భీం జోడేఘాట్‌లో ఆశ్వయుజ పున్నమినాడు మరణించాడని పరీక్షలో రాశాడు. నా చేతిలోని పుస్తకంలో 1940 సెప్టెంబరు 1 అని ఉన్నది. ఎర్రసిరాతో కొట్టివేశాను.

ఆ పిల్లవాడు వచ్చి అడిగాడు: "మా దిక్కు ఏటేటా పున్నమినాడే జోడేఘాట్ పోతరు సార్. మా నాయిన గూడ అట్లనే చెప్పిండు. ఎందుకు కొట్టేసిన్రు?"

"పుస్తకంలో అట్లా లేదు" అన్నాను. "పుస్తకం ఎవరు రాసిన్రు సార్?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు.

తరువాత లెక్క చూశాను. 1940 అక్టోబరు 1న సూర్యగ్రహణం పట్టింది. అంటే ఆనాడు అమావాస్య. నెల వెనక్కు పోతే సెప్టెంబరు 1 కూడా అమావాస్య దరిదాపే. ఆ ఏటి ఆశ్వయుజ పున్నమి అక్టోబరు 16న వచ్చింది. కనుక ఈ రెండు తేదీలూ ఒకేసారి నిజం కాజాలవు. నేను చేసిన తప్పు పుస్తకాన్ని నమ్మడం కాదు. పరీక్షించకుండానే ఒకదానికి "వాస్తవం" అనీ, మరొకదానికి "కథ" అనీ పేర్లు పెట్టడం. ఆ పేరు పెట్టడమే వ్యాఖ్యానం. వ్యాఖ్యానం చేస్తున్నానని తెలియకుండా చేశాను కాబట్టే అది ప్రమాదకరమైంది.

వాస్తవాలను పోగుచేస్తే చరిత్ర దానంతటదే తయారవుతుందనే భ్రమను ఇ.హెచ్.కార్ 1961లో కేంబ్రిడ్జి ఉపన్యాసాలలో ఖండించాడు. మనకు ఆ పాఠం చెప్పడానికి జోడేఘాట్ చాలు. పోలీసు కాల్పులలో భీం, అతని సహచరులు చనిపోయారనడంలో వివాదం లేదు. దాన్ని ఏమని పిలవాలన్నదే వివాదం. శాంతిభద్రతల కళ్ళతో చూస్తే అది అల్లరి. 1940లలో గోండుల మధ్య ఉండి పరిశోధించి, నిజాం ప్రభుత్వానికి సలహాదారుగా కూడా పనిచేసిన హైమెండార్ఫ్, 1945లో వెలువడిన 'ట్రైబల్ హైదరాబాద్'లో భూముల అన్యాక్రాంతాన్నీ, రిజర్వు అడవుల హద్దులనూ, చిన్న అధికారుల దోపిడీనీ చూపించాడు. అయితే ఆయన దృష్టిలో ఇది మంచి పరిపాలనతో, పట్టాలతో, బడులతో నయమయ్యే జబ్బు. మనబోటివారు అవే వాస్తవాలలో భూమిపై అధికారం ఎవరిదన్న ప్రశ్నను చూస్తాము.

అట్లయితే ఎవరి చరిత్ర వారిదేనా? ముమ్మాటికీ కాదు. 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో పోలీసులు గోండులపై కాల్పులు జరిపారు. మృతులు 13 మంది అన్నది ప్రభుత్వం. దాదాపు 60 అన్నాయి పౌరహక్కుల సంఘాలు. చనిపోయినవారి సంఖ్య మన దృక్పథాన్ని బట్టి పెరగదు, తరగదు. కాని ఏ ఇంటి గడప దగ్గర ఆగి అడగాలి, ఎవరి మాటను సాక్ష్యంగా స్వీకరించాలి అన్నవి దృక్పథమే నిర్ణయిస్తుంది. అడగని ఇంటి శవం లెక్కకు రాదు.

ప్రజాపక్షం వహించడమంటే ప్రజలు చెప్పినదంతా కళ్ళు మూసుకొని రాసుకోవడం కాదు. జ్ఞాపకానికీ పరీక్ష ఉండాలి. ఏటేటా జరిపే పండుగ జ్ఞాపకాన్ని నిలబెట్టగలదు, మలచనూగలదు. కాని కాగితానికి కూడా అదే పరీక్ష పెట్టాలి. దస్తరం నెలలతో లెక్కించింది, అడవి పున్నములతో లెక్కించింది. కాగితం, కలం ఒకరి చేతిలోనే ఉన్నంత మాత్రాన రెండవవారి లెక్క తప్పు కాదు.

ఆ విద్యార్థికి మార్కులు ఇచ్చాను. మార్కులకన్న ముఖ్యం, ఆ తరువాత ప్రతి ఏడూ ఆ రెండు తేదీలనూ పక్కపక్కన నల్లబల్లపై రాస్తూ వచ్చాను. ఏది నిజమో చెప్పమని పిల్లలు అడిగితే, ముందు వాడు నన్నడిగిన ప్రశ్ననే వారినీ అడగమన్నాను: ఇది ఎవరు రాశారు?