రెండు యెస్‌లు చూశారా?



పోయిన వానాకాలంలో సోలాపూర్ ఆఫీసు కంప్యూటర్ చెడిపోయినప్పుడు సభ్యుల పట్టిక ఏమైందని చాలామంది అడుగుతున్నారు. కంప్యూటర్ పని చూసేది మేం నలుగురం. తప్పు మాది. అందుకే మేమే చెబుతున్నాం.

మన పట్టిక మైఎస్‌క్యూఎల్‌లో ఉంటుంది. అసలు ఇక్కడ ఆఫీసులో, నకలు పుణేలో ఉద్యోగాలు చేస్తున్న మన పిల్లల దగ్గర. ఇక్కడ ఒక పేరు ఎక్కిస్తే అక్కడా దానంతట అదే ఎక్కాలి. దీన్నే రెప్లికేషన్ అంటారు.

పెట్టిన రోజే ఒక దెబ్బ తిన్నాం. ఆఫీసు సెట్టింగుల ఫైలును ఉన్నదున్నట్టు పుణే మిషన్‌లో వేశాం. రెండింటికీ సర్వర్ ఐడి 1 అయింది. ఎర్రర్ చూపించి ఆగిపోయింది. రెండిళ్లకు ఒకే నంబరు ఉంటే ఉత్తరం ఎవరిదని పోస్ట్‌మన్ ఏం తేలుస్తాడు? పుణేది 2 చేశాం, నడిచింది. నడిచింది కదా అని చేతులు దులుపుకున్నాం. నకలులో ఎవరూ రాయకుండా రీడ్ ఓన్లీ పెట్టాలన్న సంగతే మరిచాం.

జూలైలో ఆఫీసు డిస్క్ పోయింది. నకలు ఉందిలే అని ధైర్యంగా ఉన్నాం. ఆ వారమే సాంచెల మీద పనిచేసే మన సభ్యుడొకాయన చనిపోయాడు. మరణ సహాయ నిధి కోసం ఆయన భార్య వచ్చింది. నకలులో వెతికితే ఆయన పేరు లేదు. ఆ మాటే చెప్పాం.

"మా ఆయన పోయిన నెలనే కట్టిండు. నా ముందటనే కట్టిండు" అంది. ఇంకేం అనలేదు. బెంచీ మీద అలాగే కూర్చుంది.

అప్పుడు గానీ మేం షో రెప్లికా స్టేటస్ కొట్టి చూడలేదు. ఐఓ రన్నింగ్ ఎదురుగా కనెక్టింగ్, ఆఫీసు డిస్క్ పోయింది కాబట్టి. ఎస్‌క్యూఎల్ రన్నింగ్ ఎదురుగా నో. అంటే డిస్క్ పోయేదాకా ఆఫీసు నుంచి సమాచారం చేరుతూనే ఉంది, పట్టికలో మాత్రం ఎక్కడం లేదు. 19 రోజులుగా అంతే. పేక తెగినా సాంచె చప్పుడు వింటూ గుడ్డ దిగుతోందనుకున్నట్టయింది మా పని.

కింద ఎర్రర్ 1062. అంటే ఒకే నంబరుతో రెండు పేర్లు. పుణే పిల్లవాడొకడు తొందరలో ఒక స్కాలర్‌షిప్ దరఖాస్తును నేరుగా నకలులోనే ఎక్కించాడు. దానికి పడ్డ నంబరే ఇక్కడ ఆఫీసులో చనిపోయినాయనకు పడింది. ఆయన వరుస దగ్గరే అంతా ఆగింది.

మాలో ఒకరు "ఆ ఒక్కటి స్కిప్ చేద్దాం, మిగతావన్నీ ఎక్కుతాయి" అన్నారు. నిజమే, ఎక్కుతాయి. కానీ ఆ ఒక్కటీ ఆయనే. ఇంకొకరు "రీసెట్ కొట్టి మొదటినుంచి పెడదాం" అన్నారు. అది ఇంకా ప్రమాదం. చేరి కూడా ఎక్కని సమాచారమంతా రిలే లాగ్ అనే ఫైళ్లలో ఉంటుంది. రీసెట్ రెప్లికా కొడితే అవి తుడిచిపెట్టుకుపోతాయి. అసలు డిస్క్ పోయింది కాబట్టి మళ్లీ తెచ్చుకునే చోటే లేదు.

ముందు ఆ ఫైళ్లకు వేరేచోట కాపీ తీశాం. దరఖాస్తు వివరాలు కాగితం మీద రాసుకుని, ఆ వరుసను నకలులోంచి తీసేసి, ఆగిన పనిని మళ్లీ నడిపించాం. 19 రోజుల పేర్లు వరుసగా ఎక్కాయి. ఆయన పేరే మొదటిది. పిల్లవాడి దరఖాస్తును కొత్త నంబరుతో చివర ఎక్కించాం. ఆమెకు సహాయం రెండు రోజులు ఆలస్యంగా అందింది. ఇంటికి వెళ్లి క్షమించమని అడిగాం.

ఇప్పుడు పుణే నకలుకు సూపర్ రీడ్ ఓన్లీ పెట్టాం. రోజూ పొద్దున మాలో ఒకరు రెండు యెస్‌లూ చూసి ఆఫీసు నోటుబుక్కులో సంతకం పెడుతున్నాం. ఇక్కడ పొరపాటున ఒక పేరు తుడిస్తే నకలులోనూ పోతుంది కదా, అందుకని వారానికోసారి వేరే డిస్కులోకి బ్యాకప్ కూడా తీస్తున్నాం.

మీరు ఆఫీసుకు వచ్చినప్పుడు ఆ నోటుబుక్కు అడిగి చూడండి. సంతకం లేని రోజు కనబడితే మమ్మల్ని నిలదీయండి. చందా రసీదు మాత్రం పారేయకండి.